జపాన్‌లో కోఫున్ల చుట్టూ ఐదు రోజులు

మొదటి రోజు, సకాయ్

"ఒసాకా వచ్చినవాళ్ళందరూ ముందు కోటకే వెళ్తారక్కా" అన్నాడు తమ్ముడు. నాకు కోట వద్దు, దిబ్బలు కావాలి. ఎన్నేళ్ళనుంచో ఫోటోల్లో చూస్తున్నా, ఊరి నడిమధ్యలో ఇళ్ళమధ్య చుట్టూ నీళ్ళు, లోపల చిట్టడవి, ఆకాశంలోంచి చూస్తే తాళంకప్పకి చెవి పెట్టే కన్నం ఎలా ఉంటుందో అచ్చం అలాగే. వీటిని కోఫున్ అంటారు, పాత సమాధి దిబ్బ అని అర్థం. మూడో శతాబ్దం మధ్యనుంచి ఏడో శతాబ్దం దాకా రాజులకీ పెద్ద వంశాలవాళ్ళకీ కట్టారు, గుండ్రంవి, చదరంవి, ఈ తాళంకన్నం ఆకారంవి అన్నీ కలిపి జపాన్ మొత్తంమీద దాదాపు 1,60,000 ఉన్నాయట. అక్టోబర్ చివర్లో ఐదు రోజులు సెలవు దొరికింది, తమ్ముడూ వాడి కొడుకూ తోడొచ్చారు, మా మరదలు "వదినా, మీరు మధ్యాహ్నం ఎక్కడ తింటారో ఏమో" అని పులిహోర కట్టి ఇచ్చింది. మేనల్లుడు అక్కడి స్కూల్లో ఆరో క్లాసు, వాడికి ఈ ఏడాదే చరిత్ర పాఠాలు మొదలయ్యాయి, పుస్తకంలో మొదట్లోనే ఈ కోఫున్లున్నాయి కాబట్టి దారిపొడుగునా నాకు వాడే గైడు.

నాన్బా నుంచి నాంకాయ్ రైల్లో సకాయ్ హిగాషి దిగి, అక్కడ సిటీ ఆఫీసు 21వ అంతస్తుకి ఎక్కాం, టికెట్ ఏమీ లేదు, ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. దాదాపు 80 మీటర్ల ఎత్తు. అక్కణ్ణుంచి చూస్తే డైసెన్ కోఫున్, అంటే జపాన్‌లో అన్నిటికన్నా పెద్దది, ఊళ్ళో పొడుగ్గా పడుకున్న అడివిలా కనిపిస్తుంది అంతే. ఆకారం తెలీదు. అంత ఎత్తునుంచి కూడా తెలీదంటే కట్టినవాళ్ళు ఒక్కసారైనా ఆ రూపం మొత్తం చూసి ఉండరు కదా, తాళ్ళతో కొలిచి, మనసులో పెట్టుకుని, నేలమీద గీసి లేపారన్నమాట, నేను చాలాసేపు అదే ఆలోచిస్తూ నిలబడిపోయా.

తర్వాత మోజు స్టేషన్ దగ్గరికి వెళ్ళి చుట్టూ నడిచాం. బయటి దారి 2.8 కిలోమీటర్లు. దిబ్బ పొడుగు 486 మీటర్లని పాత లెక్క, 2018లో నీళ్ళకింద మునిగి ఉన్న అంచు కూడా కలిపి కొలిస్తే 525 వచ్చింది. మూడు కందకాలు. దిబ్బమీద వరసల్లో నిలబెట్టిన హనివా, అంటే కాల్చిన మట్టి గొట్టాలూ బొమ్మలూ, దాదాపు 30 వేలు ఉండేవని అంచనా. 1985లో ఒబాయాషి అనే కన్‌స్ట్రక్షన్ కంపెనీ లెక్క కట్టింది, ఆనాటి పనిముట్లతో రోజుకి 2,000 మంది దాకా పనిచేస్తే 15 ఏళ్ళ 8 నెలలు పడుతుందని, మొత్తం 68 లక్షల పనిదినాలని. ఆ 68 లక్షల్లో ఒక్క కూలివాడి పేరు కూడా మనకి తెలీదు.

ముందువైపు తెల్ల గులకరాళ్ళు పరిచిన ముంగిలి, చిన్న కంచె, రాతి తోరణం, అంతే, అక్కడే ఆగిపోవాలి. లోపలికి ఎవరినీ పంపరు. మనల్నే కాదు, ఆర్కియాలజిస్టుల్ని కూడా. ఎందుకంటే ఇది నింతోకు చక్రవర్తి సమాధి అని ఇంపీరియల్ హౌస్‌హోల్డ్ ఏజెన్సీ, అంటే రాజకుటుంబం పనులు చూసే ప్రభుత్వ శాఖ, చూసుకుంటోంది. ఇలాంటి సమాధులూ స్థలాలూ దేశమంతా దాదాపు 900 వాళ్ళ కిందే ఉన్నాయి, వాళ్ళ లెక్కలో ఇవి పురాతన కట్టడాలు కావు, ఇప్పటికీ పూజ జరిగే పూర్వీకుల సమాధులు. పితృదేవతలంటే ఏంటో మనకి తెలుసు కాబట్టి ఆ మాట నాకు వెంటనే ఎక్కింది. కానీ ఇంకో పక్క ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది, ఎవరి సమాధో ఖాయంగా తెలిస్తే కదా ఈ మాట. పేర్లు చాలామటుకు ఎడో, మేజీ కాలాల్లో, అంటే గత మూడు నాలుగొందల ఏళ్ళల్లో, పాత గ్రంథాలు చూసి పెట్టినవి. పక్కనే నింతోకు కొడుకు రిచూ సమాధి అని బోర్డున్న దిబ్బ ఉంది, 365 మీటర్లు, మూడో అతి పెద్దది. హనివా చూసి కాలం లెక్కేస్తే కొడుకు దిబ్బ ముందు కట్టింది, తండ్రి దిబ్బ తర్వాత! మేనల్లుడు పుస్తకంలో అందుకే "డైసెన్ కోఫున్" అని ఊరిపేరుతో రాసి, నింతోకు పేరు బ్రాకెట్లో పెట్టారు. వాడే చూపించాడు నాకు.

నింతోకు గురించి నిహోన్ షోకీ అనే పాత చరిత్ర గ్రంథంలో ఒక కథ ఉంది, ఆయన కొండెక్కి చూస్తే ఇళ్ళల్లోంచి వంట పొగ రావట్లేదట, జనం పస్తులున్నారని మూడేళ్ళు పన్నులు మాఫీ చేశాడట, తన ఇంటి కప్పు కారుతున్నా బాగు చేయించుకోలేదట. అక్కడి వాలంటీర్ గైడు, పెద్దాయన, ఈ కథ చెప్తూ చేత్తో పొగ లేచినట్టు చూపించారు, తమ్ముడు తెలుగులో చెప్పేలోపే నాకు అర్థమైపోయింది.

లోపల ఏముందో కొంచెమైనా తెలిసింది 1872లో. ముందు భాగంలో మట్టి జారి ఒక రాతి గది బయటపడింది, అందులో రాతి పెట్టె, బంగారు పూత పూసిన కవచం, గాజు పాత్రలు, అవన్నీ బొమ్మలు గీసి పెట్టుకున్నారు, తర్వాత మూసేశారు. 2018లో మొదటిసారి ఏజెన్సీ, సకాయ్ నగరం కలిసి కందకాల మధ్య కట్టమీద కొంచెం తవ్వారు, హనివా వరసలు, పరిచిన రాళ్ళు దొరికాయి. దిబ్బమీద కాదు, కట్టమీద. దానికే అంత సంబరం.

సాయంత్రం ఇతాసుకే కోఫున్‌కి వెళ్ళాం, 146 మీటర్లు, దీనికి ఏ చక్రవర్తి పేరూ లేదు. పేరు లేదు కాబట్టి కాపలా కూడా లేదు, 1955లో మట్టి తవ్వుకుపోయి ఇళ్ళు కట్టాలనుకున్నారు, కందకం మీద కాంక్రీటు వంతెన కూడా వేసేశారు. అప్పటికే యుద్ధం తర్వాత మోజులో ఒక పెద్ద కోఫున్ అలాగే పోయింది. ఈసారి ఊరివాళ్ళూ స్టూడెంట్లూ టీచర్లూ కలిసి అడ్డుపడ్డారు, మరుసటి ఏడు అది జాతీయ చారిత్రక స్థలమైంది. మోజులో ఒకప్పుడు వందకి పైగా ఉంటే ఇప్పుడు 44 మిగిలాయి, ఆ 44లో ఒకటి ఇలా మిగిలింది. ఆ వంతెన తునకలు నీళ్ళల్లో ఇంకా ఉన్నాయి, వాటిమీద తనుకీలు, మన నక్కకీ కుక్కకీ మధ్యరకంగా ఉంటాయి, రెండు కూర్చుని ఎండకాగుతున్నాయి. 2019లో యునెస్కో ఇచ్చిన గుర్తింపులో మోజు, ఫురుయిచి రెండు గుంపులూ కలిపి 49 కోఫున్లు, అందులో ఇదీ ఉంది.

రెండో రోజు, ఫురుయిచి

హాజినోసాతో అనే స్టేషన్లో దిగాం. "హాజి" వంశంవాళ్ళ పల్లె అని ఆ పేరు, మట్టి పనికీ సమాధి పనికీ పేరుపడ్డ వంశం వాళ్ళు. పాత కథ ప్రకారం ఒకప్పుడు రాజు చనిపోతే పనివాళ్ళని బతికుండగానే చుట్టూ పాతిపెట్టేవాళ్ళట, ఆ ఏడుపులు వినలేక సుయినిన్ చక్రవర్తి బాధపడితే నోమి నో సుకునే అనే ఆయన మనుషుల బదులు మట్టిబొమ్మలు పెడదామన్నాడట, హనివా అలా పుట్టాయట. తవ్వకాలు మాత్రం ఇంకోలా చెప్తున్నాయి, మొదట వచ్చినవి ఉత్త గొట్టాలు, కుండల కింద పెట్టే కుదుళ్ళలాంటివాటి నుంచి వచ్చాయి, మనుషుల బొమ్మలు చాలా తర్వాత.

ఓజిన్ చక్రవర్తిదని చెప్పే దిబ్బ 425 మీటర్లు, పొడుగులో రెండోది, మట్టి పరిమాణంలో మాత్రం ఇదే మొదటిది. మళ్ళీ గులకరాళ్ళు, మళ్ళీ కంచె. దండం పెట్టుకుని ముందుకెళ్ళాం.

అక్కణ్ణుంచి త్సుదో షిరోయామా, ఇది వేరే లోకం. పిల్లలు దిబ్బ ఎక్కుతున్నారు, కందకం ఉన్నచోట కాస్మోస్ పూలు, గులాబీ తెలుపు కలిసిపోయి, ముసలమ్మలు కెమెరాలతో. 1912లో ఊరివాళ్ళు పైన తవ్వితే పెద్ద రాతిపెట్టె బయటపడింది, 1983లో కందకంలో నీటిపక్షుల హనివాలు మూడు దొరికాయి. ఎవరి సమాధో తెలీదు, కానీ దీని గురించి తెలిసింది ఓజిన్ దిబ్బ గురించి తెలిసినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ సంగతి ఆ రోజునుంచి నా బుర్రలో తిరగడం మొదలైంది, కాపలా ఉన్నవి నోరు మూసుకుని ఉన్నాయి, ఎవరూ పట్టించుకోనివే మాట్లాడుతున్నాయి.

సాయంత్రం చూసిన వస్తువు గురించి మాత్రం మన తెలుగువాళ్ళందరికీ చెప్పాలి. 1978లో ఇక్కడ మిత్సుజుకా అనే మూడు చిన్న దిబ్బల మధ్య కందకంలో ఒక పెద్ద చెక్క బండి దొరికింది, బండంటే చక్రాల్లేవు, రెండుగా చీలిన ఒకే చెట్టు మానుని అలాగే చెక్కి రాళ్ళు లాగడానికి చేసిన జారుడుబండి, 8.8 మీటర్ల పొడుగు, పక్కనే 2.9 మీటర్లది చిన్నది ఇంకోటి. దాని పేరు "షురా". షురా అంటే ఎవరో తెలుసా, మన అసురుడే! బౌద్ధంతో పాటు సంస్కృతం అసుర చైనా మీదుగా అషురా అయ్యి షురా అయ్యింది. జపాన్ వాళ్ళు ఇంద్రుణ్ణి తైషకు అంటారు, పెద్ద రాయిని కూడా అలాగే పలకొచ్చు, కాబట్టి "తైషకుని కదిలించగలిగేది అసురుడొక్కడే" అని ఈ బండికి ఆ పేరొచ్చిందని చెప్తారు. దేవాసుర యుద్ధం ఒక రాళ్ళ బండి పేరులో దాక్కుని ఉంది! మన తెలంగాణలో ములుగు, ఖమ్మం వైపు అడవుల్లో పెద్ద పెద్ద బండలు నిలబెట్టి కప్పిన పాత సమాధుల్ని జనం రాక్షసగుళ్ళు అంటారు కదా, మనుషుల వల్ల కాని పని అనిపిస్తే అక్కడా రాక్షసుడే ఇక్కడా అసురుడే గుర్తొచ్చాడు. దోమ్యోజి తెన్మాంగూ గుడి ఆవరణలో దాని నమూనా పెట్టారు, మేనల్లుడు పక్కన నిలబడితే వాడికి ఆరింతలు పొడుగుంది.

మూడో రోజు, తకత్సుకి

ఈ రోజు కోసమే నేను వచ్చాను అని చెప్పొచ్చు. ఒసాకాకీ క్యోటోకీ మధ్య తకత్సుకి అనే ఊరు, అందులో ఇమాషిరోజుకా కోఫున్.

కథ ఇది. కెయిటాయ్ అనే చక్రవర్తి 531లో పోయాడు. ఆయన సమాధి అని ఏజెన్సీ చూసుకుంటున్నది ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న ఓతా చౌసుయామా దిబ్బ, 226 మీటర్లు, కంచె వేసి భద్రంగా ఉంది. కానీ దాని హనివా ఐదో శతాబ్దం మధ్యవి, అంటే ఆయన పోవడానికి డెబ్భై ఎనభై ఏళ్ళ ముందువి. ఆరో శతాబ్దం మొదట్లో ఆ స్థాయి దిబ్బ ఈ ప్రాంతంలో ఏదంటే ఇమాషిరోజుకా, ఇదే అసలు కెయిటాయ్ సమాధి అని దాదాపు ఆర్కియాలజిస్టులందరూ ఒప్పుకుంటున్నారు. బోర్డు మీద పేరు మాత్రం మారలేదు. ఇక్కడ నాకు నిజంగా కోపమొచ్చింది. మా తాతగారికి పెట్టే పిండం ఇంకెవరి పేరుతోనో పెడితే మా నాన్న ఊరుకునేవారా? పూర్వీకుల మీద భక్తే కారణం అన్నప్పుడు ఆ పూర్వీకుడు ఎక్కడున్నాడో వెతకడం కూడా భక్తే కదా.

అయితే ఆ పొరపాటు వల్లే మనకి ఇదంతా దక్కింది. ఏజెన్సీ చేతిలో లేదు కాబట్టి 1997నుంచి పదేళ్ళ పైన తవ్వారు, ఒక చక్రవర్తి సమాధిని ఇంత పూర్తిగా తవ్వి చూడటం చాలా అరుదు. లోపలి కట్టమీద 65 మీటర్ల పొడుగు, 10 మీటర్ల వెడల్పు జాగాలో 200కి పైగా హనివాలు, ఒక ఊరేగింపులాగా. ఇప్పుడు 2011నుంచి అది పార్కు, అసలువి పక్కనే మ్యూజియంలో, నకళ్ళు ఆరుబయట అవే చోట్లలో నిలబెట్టారు. ఇళ్ళు, వాటిలో ఒకటి 170 సెంటీమీటర్లు, నా ఎత్తుకన్నా ఎక్కువ. చేతులు ముందుకు చాచిన పూజారిణులు, కవచాలు తొడిగిన సైనికులు, చేతిమీద డేగ పెట్టుకున్నవాడు, సుమో పహిల్వాన్లు, గుర్రాలు, చివర్న నీళ్ళకి వెళ్ళే బాతులు వరసగా. వాటి కళ్ళు ఉత్త కన్నాలు, వేలితో పొడిచినట్టు, అయినా ఆ పూజారిణి మొహం చూస్తే దేనికోసమో ఎదురుచూస్తున్నట్టే ఉంది, నేను నాలుగుసార్లు వెనక్కొచ్చి చూశా. మేనల్లుడు పహిల్వాన్ పక్కన అదే ఫోజులో నిలబడ్డాడు, అక్కడికొచ్చిన పిల్లలందరూ అదే చేస్తున్నారు, పరిగెడుతున్నారు, దిబ్బెక్కి జారుతున్నారు. ఒక చక్రవర్తి మీద పిల్లలు ఆడుకుంటున్నారు, నాకు అందులో అగౌరవం ఏమీ కనిపించలేదు. పులిహోర కూడా అక్కడే, చెట్టుకింద.

దిబ్బ రూపం సరిగ్గా లేదు, అక్కడక్కడ కుంగి ఉంది. 1596లో ఫుషిమి భూకంపం వచ్చినప్పుడు మట్టి జారి లోపలి రాతి గది పడిపోయింది, చాలాకాలం అది యుద్ధాల్లో కోటగా మారడం వల్ల పాడైందనుకున్నారు, తవ్వితేనే భూకంపమని తెలిసింది. లోపలి రాతిపెట్టెల ముక్కలు మాత్రం దొరికాయి, మూడు రకాల రాయి. ఒకటి దగ్గర్లోని నిజో కొండ తెల్లరాయి, ఒకటి హరిమా వైపు తత్సుయామా రాయి, మూడోది ఎక్కడో క్యూషూలో అసో అగ్నిపర్వతం బూడిద గట్టిపడి అయిన గులాబీరంగు రాయి, అది సముద్రం మీద నుంచి రావలసిందే. మ్యూజియంలో ఆ గులాబీ ముక్క చూస్తే తడిపిన ఇటుకలా ఉంది. ఒక హనివా మీద రెండు తెరచాపల పడవ గీత గీసి ఉంది కూడా, అక్కడే పక్కన.

నాలుగో రోజు, నారా వైపు, యానగిమోతో నుంచి మకిముకు

చిన్న రైలు, రెండే పెట్టెలు, పర్వతాల పక్కనుంచి వెళ్తుంది, ఇళ్ళ ముందు ఖాకీ పళ్ళు, అంటే పెర్సిమన్లు, ఎర్రగా పండి ఆకుల్లేని కొమ్మలకి వేలాడుతూ. యానగిమోతోలో దిగి కురోజుకా కోఫున్. 130 మీటర్ల దిబ్బ, చెరువు పక్కన, పైకెక్కొచ్చు. 1997, 98లో తవ్వినప్పుడు 33 కంచు అద్దాలు ఒకే చోట దొరికాయి, అంచు త్రికోణంలా ఉండి వెనక దేవతలూ మృగాలూ ఉన్న రకం. దొంగలు అంతకుముందే తవ్వారు కానీ లోపలి రాళ్ళు అప్పటికే కూలి ఉండటంతో వాళ్ళ చెయ్యి అంతదాకా పోలేదు. పక్కన చిన్న మ్యూజియంలో ఆ గదిని అదే సైజులో కట్టి పెట్టారు, పొడుగ్గా ఇరుగ్గా, అద్దాలన్నీ పెట్టెకి బయట, మొహాలు శవంవైపు తిప్పి. లోపల తల దగ్గర మాత్రం ఒకే ఒక్క అద్దం, వేరే రకం, చిన్నది.

ఈ అద్దాల గొడవ పెద్దది. చైనా వెయ్ రాజ్యం చరిత్రలో హిమికో అనే రాణి గురించి ఉంది, 239లో ఆవిడ దూతల్ని పంపితే చక్రవర్తి 100 కంచు అద్దాలిచ్చాడని, ఆవిడ 248 ప్రాంతంలో పోతే నూరు అంగలకి పైగా వెడల్పున్న దిబ్బ వేశారని, వందమందికి పైగా సేవకులు ఆవిడతో వెళ్ళారని. ఆ వంద అద్దాలు ఇవేనా? ఈ త్రికోణపు అంచు అద్దాలు జపాన్‌లో ఇప్పటికి 500కి పైగా దొరికాయి, వంద ఎక్కడ, ఐదువందలు ఎక్కడ. పైగా తల దగ్గర పెట్టినది వేరే అద్దం, ఇవి బయట. నాకైతే రాణికొచ్చిన కానుకల్ని ఇలా గోడకి చేరేసినట్టు పెడతారంటే నమ్మబుద్ధి కాలేదు, ఎక్కువభాగం ఇక్కడే పోతపోసి ఉంటారనిపించింది.

తర్వాతి స్టేషన్ మకిముకు, అక్కణ్ణుంచి పది నిమిషాల నడక, హషిహకా. దాదాపు 280 మీటర్లు, ఇంత పెద్ద తాళంకన్నం దిబ్బల్లో ఇదే మొదటిది. చెరువు అవతల నిలబడితే దిబ్బ నీడా, వెనక మివా కొండ నీడా నీళ్ళల్లో పడ్డాయి. 2009లో ఇక్కడి కుండల మీద అంటుకున్న మసిని రేడియోకార్బన్ చేస్తే 240 నుంచి 260 అని వచ్చింది, హిమికో కాలమే, దాని మీద ఇంకా వాదులాడుకుంటున్నారు. పేరు మాత్రం యమతో తోతోహి మొమోసో అనే రాకుమారిది. ఆవిడ భర్త మివా కొండ దేవుడు, రాత్రిళ్ళే వచ్చేవాడు, ఒక్కసారి పగలు మొహం చూపించమంటే పొద్దున నా దువ్వెన పెట్టెలో చూడు, కానీ అరవకు అన్నాడు, చూస్తే చిన్న పాము. ఆవిడ కెవ్వుమంది, ఆయనకి అవమానమై కొండకి వెళ్ళిపోయాడు, ఆవిడ కుప్పకూలినప్పుడు చాప్‌స్టిక్ గుచ్చుకుని పోయింది. హషి అంటే చాప్‌స్టిక్, హకా సమాధి. ఈ దిబ్బని పగలు మనుషులు, రాత్రి దేవుళ్ళు కట్టారని, ఇంకో కొండనుంచి ఇక్కడిదాకా జనం వరసగా నిలబడి రాళ్ళు చేతులు మార్చుకుంటూ అందించారని రాశారు. మన ఊళ్ళో చెరువు పూడిక తీసేటప్పుడు తట్టలు చేతులు మారినట్టే కళ్ళముందు కనిపించింది నాకు.

ఇక్కడ కూడా ప్రవేశం లేదు. 2013లో ఒక్కసారి పరిశోధకుల్ని అంచువరకు పోనిచ్చారు, అంతకుముందు 2008లో నారాలో జింగూ మహారాణిదని చెప్పే గోసాషి కోఫున్‌లో కింది మెట్టుమీద నడవనిచ్చారు. తవ్వడం కాదు, నడవడం. మధ్యాహ్నం మివా సోమెన్ తిన్నాం, మన సేమ్యా కన్నా సన్నం, వేడి పులుసులో.

ఐదో రోజు, అసుకా

పొద్దున కాషిహరాలో మ్యూజియంలో ఫుజినోకి కోఫున్ వస్తువులు చూశాం. 1985లో తవ్వారు, 1988లో రాతిపెట్టె మూత తీశారు, లోపల ఇద్దరు పక్కపక్కన, వేల గాజుపూసలు, బయట బంగారు పూత గుర్రపు జీను, దానిమీద ఏనుగు కూడా ఉంది! జపాన్‌లో ఏనుగెక్కడిది. జపాన్ సమాధుల్లో దొరికే చిన్న చిన్న గాజుపూసల్లో కొన్ని దక్షిణాసియా, ఆగ్నేయాసియా గాజుతో చేసినవని రసాయన పరీక్షల్లో తేలింది, అంటే మన తూర్పు తీరపు సముద్రం మీద తిరిగిన సరుకు చేతులు మారి మారి ఇంతదూరం వచ్చింది. అద్దానికి మొహం ఆనించి చూస్తూ ఉంటే "అత్తా, రైలు" అని లాక్కెళ్ళాడు.

అసుకా స్టేషన్ దగ్గర సైకిళ్ళు అద్దెకి తీసుకున్నాం. కోసిన పొలాలు, గట్లమీద డబ్బాలో డబ్బులేసి తీసుకునే ఖాకీ పళ్ళు. ఇషిబుతాయ్ దగ్గర మట్టి మొత్తం పోయి రాళ్ళు మాత్రం మిగిలాయి, ముప్ఫై దాకా బండలు, పై కప్పు రాయి ఒక్కటే 77 టన్నులంటారు. 626లో పోయిన సోగా నో ఉమాకో అనే పెద్ద మంత్రిది కావచ్చని. లోపలికి దిగితే చల్లగా, పైన సందుల్లోంచి వెలుతురు. ఆ షురా బండి లేకపోతే ఇది లేదు.

తర్వాత తకమత్సుజుకా. చిన్న గుండ్రటి దిబ్బ, అడ్డం 23 మీటర్లే, గడ్డి, ముద్దుగా. ఊరి రైతు ఒకాయన అల్లం దాచుకోవడానికి గొయ్యి తవ్వితే చెక్కిన రాయి తగిలింది, అక్కణ్ణుంచి 1972 మార్చిలో తవ్వకం, లోపల మనిషి నిలబడలేనంత చిన్న రాతి గది, గోడలమీద సున్నపు పూత, దానిమీద రంగుల బొమ్మలు, పడమటి గోడమీద పచ్చా ఎరుపూ చారల పావడాలతో నలుగురు ఆడవాళ్ళు. దేశం మొత్తం ఊగిపోయిందట, స్టాంపు వేశారు. గదిని అక్కడే కాపాడదామని చల్లదనం తేమ సరిచూసే యంత్రాలు పెట్టారు. అయినా బూజు పట్టింది, పడుతూనే ఉంది, 1,300 ఏళ్ళు చీకట్లో నిలబడ్డ రంగులు ముప్ఫై ఏళ్ళలో మసకబారాయి. చివరికి 2007లో ఆ రాతిగదిని రాయి రాయిగా, 16 రాళ్ళు, విడదీసి బయటికి తెచ్చారు, బాగుచేత 2020కి పూర్తయింది. మళ్ళీ దిబ్బలోకి పెట్టట్లేదు. అంటే నేను చూస్తున్న ఆ ముద్దైన పచ్చ దిబ్బ లోపల ఏమీ లేదు.

నాలుగు రోజులు "తెరవరెందుకు" అని తమ్ముడి బుర్ర తిన్న మనిషిని, అక్కడ గడ్డిలో కూర్చుండిపోయా. బొమ్మల నకళ్ళున్న గదిలో దొరికినప్పటి రూపం పెట్టారు. నలుగురిలో ఒకావిడ బుగ్గ మీది ఎరుపు చూస్తే ఏడుపొచ్చింది.

కితోరా అనే ఇంకో దిబ్బలో ఆ పాఠం పనికొచ్చింది. 1983లో సన్నటి గొట్టం కెమెరా దూర్చి చూస్తే ఉత్తరపు గోడమీద తాబేలూ పామూ పెనవేసుకుని కనిపించాయి, ఉత్తర దిక్కుకి కాపలా మృగమది, ఇలా దిక్కుకొకటి, ఆ తర్వాత కూడా తొందరపడలేదు, మెల్లగా, లోపలికి వెళ్ళాక పూత ఊడిపోయేట్టుందని తెలిసి 2004నుంచి 2010 దాకా ముక్క ముక్కగా తీసి బయట అతికించారు. దక్షిణపు గోడకి పాత దొంగలు పెట్టిన కన్నం ఎర్రపక్షి బొమ్మకి వెంట్రుకవాసిలో తప్పింది, తకమత్సుజుకాలో ఆ పక్షి ఉండాల్సిన చోటే కన్నం పడింది. కప్పుమీద బంగారు రేకు చుక్కలతో నక్షత్రాలు, వాటి మధ్య ఎర్ర గీతలు. అసలు బొమ్మలు ఏడాదిలో కొన్నాళ్ళే చూపిస్తారు, తమ్ముడు ముందే బుక్ చేశాడు, మాకు పడమటి గోడ దొరికింది. తెల్లపులి. గాజు అవతల పది నిమిషాలు. నోరు తెరిచి, ఒళ్ళు విల్లులా వంచి, ఉత్తరంవైపు చూస్తోంది, తకమత్సుజుకా పులి దక్షిణంవైపు చూస్తుంది. గీత సన్నగా, చెయ్యి ఎక్కడా వణకలేదు.

సైకిళ్ళు తిరిగి ఇచ్చేటప్పుడు తమ్ముడు అడిగాడు, "ఇంతకీ అక్కా, డైసెన్ తెరవాలంటావా వద్దంటావా?" గది తెరవద్దు అన్నాను. మన పిల్లల కాలానికో వాళ్ళ పిల్లల కాలానికో ఉండనీ. కానీ పైన నడవనివ్వాలి, కొలవనివ్వాలి, అంచుల్లో చిన్న ట్రెంచులు వెయ్యనివ్వాలి, హనివా ముక్కలు ఏరి కాలం తేల్చనివ్వాలి, బోర్డుమీద పేరు తప్పని తెలిస్తే మార్చాలి. ముందుగా కెయిటాయ్ బోర్డు. "అది ఏజెన్సీకి రాయి" అన్నాడు వాడు. జపనీస్‌లో నువ్వు రాసిపెడితే నేను సంతకం పెడతానన్నాను, నిజంగానే అన్నాను.

వెనక్కి అబెనోబాషి రైలు. ఫురుయిచి దాటేసరికి చీకటిపడింది. రెండు పక్కలా అపార్ట్‌మెంట్ల దీపాలు, కన్వీనియన్స్ స్టోర్లు, మధ్య మధ్యలో దీపం ఒక్కటీ లేకుండా నల్లటి ముక్కలు వెళ్తున్నాయి. మేనల్లుడు కిటికీకి ముక్కు ఆనించి లెక్కపెడుతున్నాడు, "ఒకటి... రెండు... అత్తా, అది కోఫునా, స్కూల్ గ్రౌండా?" నాకూ తెలీలేదు. మూడులో వేసుకోమన్నాను.